హాలియాలో నాలుగో మాట

మిర్యాలగూడలో బియ్యం మిల్లులు దాటి, నిడమనూరు మీదుగా సాగర్ వైపు పోయే బస్సెక్కితే హాలియా వస్తుంది. కిటికీ పక్క సీటు దొరికితే వదులుకోకండి. నాగార్జునసాగర్ ఎడమ కాలవ ఈ సీమకి గీసిన గీతలాంటిది. గీతకి దిగువన వరిమళ్లు. ఎగువన ఎర్రటి చెలకలు. నీరు పల్లానికే పోతుంది కదా! 1967లో కాలవల్లోకి నీళ్లు వదిలాక ఈ ప్రాంతం దశ తిరిగిందన్నమాట నిజమే. అయితే తిరిగింది ఎక్కువగా గీతకి ఒక పక్కనే. రెండో పక్కన చాలామంది మబ్బునీ, బోరునీ నమ్ముకున్నవాళ్లే.

నేను వెళ్లింది గుడ్ ఫ్రైడే నాడు. ఎండ నిప్పులు చెరుగుతోంది. చర్చికి దారి అడిగితే టీకొట్టతను నవ్వి, "పన్నెండింటికి కూసుంటే మూడు దాక లేవరు సార్. చాయ్ తాగి పోండ్రి" అన్నాడు. మంచి సలహా.

సిలువమీద క్రీస్తు పలికిన ఏడు మాటలమీద ఆ మూడు గంటలూ ఏడుగురు మాట్లాడతారు. పదిహేడో శతాబ్దంలో పెరూ దేశపు లిమా నగరంలో, భూకంపాలకి తల్లడిల్లిన జనంకోసం అలోన్సో మెస్సియా అనే జెస్యూట్ గురువు ఈ పద్ధతి పెట్టాడంటారు. అక్కడ నేల కంపిస్తే పుట్టిన ఆచారం, ఇక్కడ నేల నెర్రెలిచ్చిన చోట వేళ్లూనింది!

నల్లగొండకి మిషను కూడా దూరంనుంచే వచ్చింది. 1890 ప్రాంతంలో అబ్రహాం ఫ్రీసెన్ అనే మెన్నోనైట్ మిషనరీ రష్యానుంచి వచ్చి, అమెరికన్ బాప్టిస్టుల అండతో పని మొదలుపెట్టాడు. రష్యా పల్లెల చందాలు దానికి ఆధారం. 1914లో యుద్ధం, 1917లో విప్లవం వచ్చిపడి ఆ చందాలు ఆగిపోయాయి. పంపినవాళ్లే కల్లోలంలో చిక్కుకున్నారు. ఇక్కడి సంఘాలు మాత్రం నిలిచాయి. గింజలకోసం మతం మారారని మాల, మాదిగ కుటుంబాలని ఎత్తిపొడిచేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. గింజలు రాని ఏళ్లలో కూడా వాళ్లెందుకు ఉండిపోయారో ఆ పెద్దమనుషులు చెప్పరు.

గుడి చిన్నది. రేకుల కప్పు, రెండు పంకాలు, కింద చాపలు. పురుషోత్తమ చౌదరిగారి కీర్తన ఎత్తుకుంటే పుస్తకం చూసినవాళ్లు తక్కువ. మొదటి మూడు మాటలమీదా చదువుకున్నవాళ్లు మాట్లాడారు. కాస్త ఎక్కువే మాట్లాడారు.

నాలుగో మాటకి ఒక ముసలమ్మ లేచింది. చెలకల వైపు మనిషి. రెండు బోర్లు ఎండి, పత్తి ఎండి, అప్పు మిగిలిన ఏడాది ఆమె కొడుకు ప్రాణం తీసుకున్నాడని పక్కాయన నా చెవిలో చెప్పాడు. ఆమె స్తంభం పట్టుకుని నిలబడింది.

"దేవుని కొడుకే తండ్రిని అడిగిండు, నన్నెందుకిడిసినవని. నేనడిగితే తప్పా? మూడేండ్ల సంది అడుగుతున్న. ఇంకా చెప్పలే."

అంతే. కూర్చుంది.

ఓదార్పు వచనం ఏదైనా తెచ్చి దానికి అతికిస్తారేమోనని భయపడ్డాను. అయ్యగారు 88వ కీర్తన చదివి ఊరుకున్నారు. అది మొర పెట్టుకుంటూ మొదలై చీకటిలోనే ఆగిపోతుంది. చివర వెలుతురు లేదు. అలాంటి కీర్తనని గ్రంథంలోంచి తీసెయ్యకుండా దాచుకున్నవాళ్లు ఈమె ప్రశ్నని గుమ్మం బయటికి నెట్టరు గదా! చావింట్లో నేను విన్న చాలా పరామర్శలకంటె ఆ చదవడం మర్యాదగా తోచింది.

అయిదో మాట దాహం. దానికి ఆ ఊళ్లో వ్యాఖ్యానం అక్కరలేదు. పొద్దుటినుంచి అక్కడ చాలామంది నీళ్లు ముట్టలేదు.

మూడు దాటాక వాకిట్లో ముసలమ్మ ఒక కుర్రాడి భుజం పట్టుకుని పురమాయిస్తోంది. "ఆయితారం తెల్లారుగట్ల నాలుగింటికి సమాధుల కాడికి పోవాలె. నాకు కండ్లు ఆనయి. లైటు పట్టుకొని ఇంటిదాక రా బిడ్డా, మర్సిపోకు."