ఉన్నమాటే అయినా



సండేస్కూలు పెద్దపిల్లలకు కొండెముల గూర్చి బోధించినప్పుడెల్లా మాకు ఒకే ప్రశ్న వస్తుంది: "ఉన్నమాటే కదా అయ్యగారూ, తప్పేముంది?"

యూదులు దీన్ని లోతుగా ఆలోచించారు. ఒకరిని కించపరచే మాట నిజమైనా సరే, దాన్ని ‘లాషోన్ హరా’, అంటే చెడు నాలుక అన్నారు. నేటి బెలారస్‌లోని రాడిన్ ఊరి రబ్బీ ఇస్రాయేల్ మేయిర్ కాగన్ ఈ నియమాలను కూర్చి, 1873లో తన పేరు వేసుకోకుండా ‘హఫెట్స్ హయీం’ అనే గ్రంథంగా అచ్చువేయించారు. బ్రతుకగోరువాడు అని దాని అర్థం. 34వ కీర్తనలోని మాట. చెప్పినవానికి, విన్నవానికి, ఎవరిని గూర్చి చెప్పారో వానికి, ముగ్గురికీ చేటని తల్ముదు బోధ. మిర్యాము మోషేకు విరోధముగా మాట్లాడి ఏడు దినములు పాళెము వెలుపల ఉండగా, జనమంతా ప్రయాణం ఆపుకొన్నారు (సంఖ్యా 12).

అయితే ఎల్లప్పుడూ మౌనమే నీతి కాదు. కొండెములు వద్దన్న లేవీయకాండము 19:16లోనే, పొరుగువాడు ఆపదలో ఉంటే చూస్తూ నిలబడవద్దనే ఆజ్ఞ కూడా ఉందని రబ్బీలు బోధిస్తారు. సంబంధం విచారించడానికి ఆడపిల్ల తండ్రి మన గుమ్మంలోకి వచ్చాడు. ఆ అబ్బాయి తాగి చేయిచేసుకుంటాడని మనకు స్వయంగా తెలుసు. చెప్పాలి. చెప్పకపోతే రేపు దెబ్బలు తినేది ఆ పిల్లే. కానీ కళ్లారా చూసినంతే చెప్పాలి, పాత కక్షతో చెప్పకూడదు. అదే మాట కుళాయి దగ్గర నలుగురికీ చెబితే ఆ పిల్లకు ఒరిగేదేమీ లేదు.

అందుకే పిల్లలకు రెండు ప్రశ్నలు నేర్పుతున్నాం. ఈ మాట ఎవరిని కాపాడుతుంది? తెలియవలసినవారికే చెబుతున్నామా? జవాబు దొరకకపోతే ఆ మాట మనతోనే ఆగిపోవాలి.

ప్రభువు మన పెదవులను కాయును గాక. ఆమేన్.