ఉప్పాడ తీరము

జమ్దానీ చీరలవలన ఉప్పాడ పేరెరుగని సోదరీమణులు మనలో నరుదు. ఆ చీరలకు 2009వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ నేతను కన్నులార జూడవలెనను వేడుకతో మేము కాకినాడనుండి తీరపుబాట పట్టితిమి. కాని మగ్గములకంటె ముందుగా మాకు గానవచ్చినది సముద్రము. కుడిప్రక్కనే బాటను దాకుచున్న కెరటములు. వాని కడ్డముగా బోసిన పెద్ద రాళ్లు. తుపానుల కీ బాట పలుమారులు దెబ్బతిన్నది.

ఊరిలో ఒక బెస్తవారి యింటి యరుగుపై గూర్చుంటిమి. ఆ యింటి ముసలమ్మ మంచినీళ్లిచ్చి, సముద్రమువంక జూపి యిట్లనెను: "అమ్మగారూ, నేను కాపురానికొచ్చిన యిల్లు అదిగో, ఆ నురగకాడ ఉండేదండి. అది పోయినాక యెనక్కి యింకోటి కట్టుకున్నాం. అదీ పోయింది. ఇది మూడోదండి."

ఇందులకు కారణ మొక్కటి కాదు. గోదావరి తెచ్చు ఇసుకయు ఒండ్రునే యీ తీరమునకు బలము. ఎగువ జలాశయములు వానిని చాలవరకు నిలిపివేయుచున్నవి. హోప్ ఐలాండ్ అను ఇసుకదిబ్బ కాకినాడ రేవును కెరటములనుండి కాచుచున్నది గాని, ఉప్పాడ దాని యండకు ఆవల నున్నది.

వీనికి దోడు సముద్రమే పెరుగుచున్నది. అంచువరకు నింపిన బిందెను పొయ్యిపై నుంచిన, నీరు కాగకమునుపే పొర్లుట మన మెరిగినదే. భూమి వేడెక్కుటచే సముద్రజల మట్లే వ్యాకోచించుచున్నది. నేలపైనున్న మంచు కరగి దానిలో గలియుచున్నది. 1901 మొదలు 2018 వరకు సముద్రమట్టము సగటున 20 సెంటీమీటర్లు, అనగా ఇంచుమించు జానెడు, హెచ్చినదని శాస్త్రజ్ఞులు లెక్కించిరి. జానెడే గదా యని తోచవచ్చును. కాని పల్లపు తీరమున నా జానెడే, పూర్వ మందని గడపను తుపాను కెరటమున కందించును.

ఇసుక నింపిన పెద్ద సంచులతో ఇచట గోడ గట్టిరి. సముద్రము దానినిగూడ చెరచినది. దక్షిణముననున్న కోరంగి మడయడవులు వేళ్లతో ఒండ్రును బట్టి, కెరటముల వేగము నడచుచున్నవి. అట్టి ప్రకృతి రక్షణమును గాపాడుకొనుట రాళ్లు పోయుటకంటె తక్కువ పని కాదు.

పిమ్మట నేతయిండ్లకు బోయి, మగ్గముపై పువ్వు వెంబడి పువ్వు విరియుట జూచి, ఒక చీర గొంటిమి. మరలునపుడు ముసలమ్మ మమ్ము బిలిచి, "మా మనవరాలి పెళ్లినాటికి ఈ అరుగు ఉంటదంటారా?" యని యడిగెను. చదువుకొన్న వారము గదా, చెప్పగలమని యామె నమ్మకము. చీరమూట చేతబట్టుకొని మేము మాటలేక నిలిచితిమి.