హాజరు

మొన్న బీరువా సర్దుతుంటే 2020 నాటి హాజరు పుస్తకం బయటపడింది. ఒక పేరుకెదురుగా అన్నీ టిక్కులే, ఒక్క గైర్హాజరైనా లేదు. ఆ వరుస చూస్తే నాకిప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

అప్పుడు నేను హైదరాబాదులో పీజీ విద్యార్థులకు పాఠాలు చెబుతున్నాను. ఆ మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యేనాటికే హాస్టళ్ళు ఖాళీ అయ్యాయి. పది రోజుల్లో తిరిగి వస్తామనుకుని పిల్లలు రెండు జతల బట్టలతో ఊళ్ళకు వెళ్ళారు. ఆపై పాఠాలన్నీ తెరమీదే. నల్లటి గళ్ళు, వాటిలో పేర్లు. పిలిస్తే "ప్రెజెంట్ సార్" అని ఒక గొంతు, ఆ వెంటనే మ్యూట్.

ఆ అబ్బాయిది కృష్ణా జిల్లాలో ఒక పల్లె. డాబామీద నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చుంటేనే సిగ్నల్ అందేదట. హాస్టల్లో ఎవరి పుట్టినరోజుకో నలుగురితో కలిసి బీరు తాగడమే తప్ప వేరే అలవాటు లేదు. మే 4న ఆంధ్రలో మద్యం దుకాణాలు తెరిచారు. మరునాటికల్లా ధరలు 75 శాతం పెంచారు. అయినా పుస్తకాలకని తండ్రి ఇచ్చిన డబ్బు అటే పోయింది.

ఇదంతా 2021 మొదట్లో, హాస్టలు తెరిచాక, అతనే వచ్చి చెప్పాడు.

"మత్తుకోసం కాదు సార్, నిద్రకోసం."

మద్యం త్వరగా నిద్రపుచ్చుతుంది, తెల్లవారకముందే లేపేస్తుంది. మరునాటికి దిగులు రెట్టింపవుతుంది. దాన్ని అణచడానికి మళ్ళీ అదే సీసా.

"ఎవరికైనా చెప్పొచ్చు కదరా?"

"మీరు రోజూ పేరు పిలిచేవారు సార్. ఒక్కరోజైనా ఎలా ఉన్నావని అడుగుతారేమోనని చూసేవాణ్ణి."

నా దగ్గర జవాబు లేదు.

పిల్లలు హాస్టళ్ళలో చెడిపోతారని మనకో భయం. కానీ "ఇక చాల్లేరా" అని గ్లాసు లాక్కునేదీ, రెండు పూటలు మెస్సుకు రాకపోతే తలుపు తట్టేదీ అక్కడి పక్క మంచం వాడే. ఆ ఏడాది తలుపు తట్టేవాడే లేకపోయాడు.

మానసిక వైద్యుడి దగ్గరకు ఇద్దరం కలిసే వెళ్ళాం. బాగా అలవాటు పడ్డాక ఉన్నట్టుండి మానేస్తే వణుకు, మూర్ఛలు కూడా రావచ్చని, మందులతో మెల్లగా మాన్పించాలని ఆయన చెప్పారు. నెలలు పట్టింది. మధ్యలో ఒకసారి జారాడు కూడా. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు.

2022 అక్టోబరు నుంచి 14416 అనే టెలీ మానస్ నెంబరు ఉంది. దాన్ని తరగతి గోడమీద అతికించాను. హాజరు వేస్తూ ఎవరో ఒకరిని ఎలా ఉన్నావని అడుగుతున్నాను కూడా. "బానే ఉన్నాను సార్" అంటారు. పాఠమయ్యాక, వరండాలో, మళ్ళీ అడుగుతాను.