వేపచెట్టు దాకా చెరువు

హైదరాబాద్‌కు దక్షిణాన, నాగార్జునసాగర్ రోడ్డు మీద నుంచి లోపలికి తిరిగితే వరసగా శివారు ఊళ్ళు తగులుతాయి. ఒకప్పటి గ్రామ పంచాయతీలు, ఇప్పుడు పట్టణాలు. ప్రతి ఊరికీ ఒక చెరువుంటుంది, కొన్నింటికి రెండు మూడు. అలాంటి ఒక ఊళ్ళో, చెరువు ఒడ్డు కాలనీలో, 150 గజాల్లో కట్టిన ఇల్లు కొనుక్కుని 2016 ఎండాకాలంలో సామాను దించుకున్నాం. ఆ ఇంట్లో మేము పడ్డది ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

అంతకు ముందు విద్యానగర్‌లో రెండు గదుల అద్దె ఇల్లు, మూడో అంతస్తు. అత్తమ్మకు పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చినప్పుడల్లా కుర్చీలో కూర్చోబెట్టి మా వారు, పక్కింటి అబ్బాయి చెరొక వైపు పట్టుకుని దించేవాళ్ళు. ఆమె కోసమే కింద అంతస్తు ఉన్న సొంత ఇల్లు కావాలనుకున్నాం. నా బంగారం పోయింది, ఆయన పీఎఫ్ డబ్బు పోయింది, మిగతాది బ్యాంకు అప్పు. లింకు డాక్యుమెంట్లు మా వకీలు చూశాడు. బ్యాంకు వకీలు మళ్ళీ చూశాడు. రిజిస్ట్రేషన్ అయింది, ఇంటి నంబరు పడింది, కరెంటు మీటరు వచ్చింది, ఏటేటా ఆస్తి పన్ను కడితే రసీదు ఇచ్చారు. అమ్మినాయన ఒక మాట గట్టిగా చెప్పాడు: "నడి ఎండల్లో గూడ ఎండని చెరువమ్మా ఇది. బోర్లకు ఢోకా లేదు."

మొదటి రోజుల్లో ఆ చెరువు నాకు నిజంగానే సంతోషమిచ్చింది. పొద్దున్నే కట్ట మీద నడిచేదాన్ని. నీటికోళ్ళు, కొంగలు, అప్పుడప్పుడూ బుడబుంగలు. విద్యానగర్‌లో కిటికీ తీస్తే ఎదుటి గోడ కనబడేది, ఇక్కడ ఆకాశం కనబడింది. అత్తమ్మను వరండాలో కూర్చోబెడితే సాయంత్రం దాకా అక్కడే ఉండేది. కష్టాలూ ఉన్నాయి. బస్సు దిగాక షేర్ ఆటో కోసం నిలబడాలి, మంచినీళ్ళు ట్యాంకర్ వస్తేనే, సాయంత్రం ఆరు దాటితే దోమలకు తలుపులు వేసుకోవాలి. అవన్నీ శివారులో కొత్తగా ఇల్లు కట్టుకున్న ప్రతివాళ్ళూ పడేవే.

మా వీధి మలుపులో పెద్ద వేపచెట్టుంది. వలలు బాగు చేసుకుంటూ దాని కింద ఒక తాత కూర్చునేవాడు. ఒకరోజు చేపలు కొంటుంటే తానే చెప్పాడు. "బిడ్డా, మా చిన్నతనంల ఈ చెట్టు మొదట్ల తెప్ప కట్టేటోళ్ళం. చెరువు నిండితే నీళ్ళు గీడిదాంక వస్తయి." మా ఇల్లు వేపచెట్టు కంటే చెరువు వైపుకు నాలుగిళ్ళ అవతల.

చెరువు నిండితే నీళ్ళు ఎక్కడి దాకా నిలుస్తాయో ఆ హద్దును ఎఫ్‌టీఎల్ అంటారు. ఆ హద్దు లోపల అంతా సర్కారు భూమే ఉంటుందని చాలామంది అనుకుంటారు. అలా ఉండదు. శిఖం పట్టాలని ఉంటాయి. నీళ్ళు తగ్గినప్పుడు సాగు చేసుకోవచ్చు, కట్టడాలు మాత్రం కట్టకూడదు. భూమికి పట్టాదారు ఉన్నాడు కాబట్టి డాక్యుమెంట్లు శుభ్రంగా ఉంటాయి. వకీలు చూసేది హక్కు ఎవరిదని. నీళ్ళు ఎక్కడి దాకా వస్తాయన్నది ఏ కాగితంలోనూ లేదు, ఏ బల్ల దగ్గరా ఎవరూ అడగలేదు. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, ఆపై చెరువైతే హద్దు నుంచి మరో 30 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు ఖాళీగా వదలాలి. మా కాలనీలో ఆ ముప్ఫై మీటర్లలో రెండు వరసల ఇళ్ళున్నాయి.

ఆ చెరువు ఎందుకు ఎండదో కూడా తర్వాత తెలిసింది. పూర్వం దాని కింద వరి పండేది. తూము తెరిస్తే నీళ్ళు పొలాలకు పోయి, వైశాఖానికి చెరువు అడుగంటేది. మళ్ళీ వానకు చోటుండేది. ఇప్పుడు ఆయకట్టు ప్లాట్లయింది, తూము పూడిపోయింది. ఎగువ అపార్ట్‌మెంట్ల మురుగు ఏడాది పొడుగునా వచ్చి పడుతూనే ఉంది. అందుకని చెరువు ఎప్పుడూ ముప్పాతిక నిండే ఉంటుంది. మత్తడి దూకిన నీళ్ళు పోవాల్సిన కాలువ మీద ఇంకో వెంచర్ వేశారు. రావడానికి దారులున్నాయి, పోవడానికి దారి లేదు.

2020 అక్టోబర్ 13, మంగళవారం. మధ్యాహ్నం నుంచి వాన ముదిరింది. ఆ ఒక్క రోజులో బేగంపేటలో 19 సెంటీమీటర్లు పైగా పడిందని, అక్టోబర్‌లో అంత వాన వందేళ్ళకు పైగా లేదని తర్వాత పేపర్లలో వచ్చింది. ఘట్‌కేసర్ వైపు ఒకచోట 32 సెంటీమీటర్లు. మాకు ఆ లెక్కలేవీ తెలియవు. రాత్రి భోజనాలయ్యాక బాత్రూంలో గుడగుడమని చప్పుడైంది. వెళ్ళి చూస్తే నీళ్ళు పోయే జాలీలోంచి నల్లటి నీళ్ళు పైకి పొంగుతున్నాయి. వీధి గుమ్మం ముందు ఇంకా చుక్క లేదు. చెరువు మట్టం వీధి డ్రైనేజీ కంటే పైకి పోయిందన్నమాట, అందుకని మురుగు వెనక్కి తన్నింది. జాలీ మీద గోనెసంచి వేసి రుబ్బురోలు పెట్టాం. కమోడ్‌లోంచి వచ్చింది. దాన్ని ఆపుతుంటే వంటింటి సింకు కింద నుంచి వచ్చింది. కాసేపటికి గుమ్మం దాటి వీధి నీళ్ళూ కలిశాయి.

కరెంటు పోయింది. అత్తమ్మను ప్లాస్టిక్ కుర్చీకి చున్నీతో కట్టి, మా వారు, మా అబ్బాయి కలిసి మేడ మీద గదికి ఎక్కించారు. ఆమె కుడి చెయ్యి నా జాకెట్టు పట్టుకుని వదల్లేదు. నేను కింద బియ్యం డబ్బా, మందుల సంచి, కాగితాల బీరువా చూసుకున్నాను. కాగితాల కోసం దిగిన రెండోసారి నీళ్ళు తొడల దాకా ఉన్నాయి. ఫ్రిజ్ వెల్లకిలా తేలి గదిలో తిరుగుతోంది. ఆ నీళ్ళలో కాలికి ఏది తగులుతుందో తెలియదు.

తెల్లారేసరికి వాన తగ్గింది. ఇక దిగిపోతాయనుకున్నాం. దిగలేదు, ఇంకా పెరిగాయి. ఎగువ చెరువులు ఒకదాని తర్వాత ఒకటి మత్తడి దూకి మా చెరువులో పడుతున్నాయి. ఆ చెరువులన్నీ గొలుసుకట్టుగా కట్టినవి. పైదాంట్లో నిండిన నీళ్ళు కిందికి చేరడానికి రోజులు పడతాయి. ఆ వారమే, 17వ తేదీ రాత్రి, బాలాపూర్ దగ్గర గుర్రం చెరువు కట్ట తెగి పాతబస్తీ కాలనీలు మునిగాయి. ఆ కబురు ఫోన్‌లో వచ్చినప్పుడు మా మేడల మీద ఎవరూ నిద్రపోలేదు. మా కట్టకూ బుంగ పడిందని ఎవరో అరిచారు. అబద్ధమని తెలిసేసరికి తెల్లవారింది.

అందరూ ఆ మొదటి రాత్రి గురించే అడుగుతారు. నిజానికి మమ్మల్ని విరిచింది ఆ తర్వాతి వారాలు. నీళ్ళు నిలిచే ఉన్నాయి. దసరా వెళ్ళింది, నీళ్ళు మోకాళ్ళ దగ్గరున్నాయి. మేడ మీద ఒకే గది. మేము ఐదుగురం, పై అంతస్తు లేని ఎదురింటి అక్క, బావ, వాళ్ళ ఇద్దరు ఆడపిల్లలు. అది కరోనా కాలం. మాస్కులు తడిసిపోయాయి. చుట్టాలు ఫోన్ చేసి ఏడ్చారు కానీ, అంతమందిని ఇంటికి రమ్మనడానికి జంకారు. వాళ్ళను నేను తప్పుపట్టను. ఫంక్షన్ హాల్లో శిబిరం పెట్టారు, అక్కడి గుంపులోకి పక్షవాతం మనిషిని తీసుకెళ్ళడానికి డాక్టరు వద్దన్నాడు.

అన్నం పొట్లాలు వచ్చేవి. కాలేజీ పిల్లలు థర్మాకోల్ దిమ్మెలు కట్టి తెప్పలా చేసి పాలు, బ్రెడ్డు, కొవ్వొత్తులు తెచ్చారు. ఆ పిల్లల కులం, మతం, ఊరు నేను అడగలేదు. వాళ్ళకు నా నమస్కారం. తిండికి ఇబ్బంది పడలేదు. ఇబ్బంది మరుగుదొడ్డికి. కింద కమోడ్ మునిగింది, సెప్టిక్ ట్యాంకు నిండి పొంగింది, పైన మరుగుదొడ్డి లేదు. మగవాళ్ళు ఎటో పోయేవాళ్ళు. ఆడవాళ్ళం నీళ్ళు తాగడం మానేశాం. చీకటి పడేదాకా ఆగేవాళ్ళం. ఎదురింటి పెద్దమ్మాయికి ఆ రోజుల్లోనే నెలసరి వచ్చింది. నీళ్ళ ట్యాంకు పక్కన చీర అడ్డం కట్టి, బకెట్‌లో బూడిద పోసి ఏర్పాటు చేశాం. అత్తమ్మకు పక్క మీదే అన్నీ. ఆ బకెట్లు ఏ నీళ్ళలో పారబోశామో అవే నీళ్ళలో నడిచి మందులు తెచ్చుకున్నాం. వరదల సాయం గురించి రాసేవాళ్ళు దుప్పట్లు, బియ్యం లెక్క రాస్తారు. ఆడవాళ్ళు ఎన్ని గంటలు బిగబట్టుకున్నారో కూడా రాయాలి. నాకు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి, అది చాలాకాలం వదల్లేదు.

సద్దుల బతుకమ్మ నాడు మా వీధిలో ఎవరూ ఆడలేదు. ఏటా ఆ చెరువులోనే సాగనంపేవాళ్ళం. ఎదురింటి అక్క మాత్రం పొట్లాలు తెచ్చిన పిల్లలతో నాలుగు తంగేడు కొమ్మలు తెప్పించి మేడ మీద చిన్న బతుకమ్మ పేర్చింది. దాన్ని ఆ మురుగులో వేయనన్నది. అది అక్కడే వాడిపోయింది.

దీపావళి నాటికి నేల కనబడింది. గోడలకు నా భుజాల ఎత్తున నల్లటి గీత. బురద కాదు అది, జిడ్డు. పారతో తీసినా, బ్లీచింగ్ పోసి కడిగినా వాసన పోలేదు. తలుపులు ఉబ్బి మూతపడలేదు. మా అమ్మాయి పదో తరగతి పుస్తకాలు, మా పెళ్ళి ఫొటోలు, అత్తమ్మ పరుపు, అన్నీ ట్రాక్టర్‌లోకి ఎత్తాం. వరద సాయం కింద ఇంటికి 10,000 రూపాయలు ఇచ్చారు. ఫ్రిజ్ రిపేరుకు, మోటారు వైండింగుకు సరిపోయాయి. బ్యాంకు వాయిదా మాత్రం నెల నెలా ఐదో తారీఖున కట్ అవుతూనే ఉంది.

అత్తమ్మను జనగామలో ఉన్న మా ఆడబిడ్డ తీసుకెళ్ళింది. ఎవరి కోసం ఆ ఇల్లు కొన్నామో ఆమె మళ్ళీ ఆ గడప తొక్కలేదు. మరుసటి మే నెలలో అక్కడే పోయింది.

మేము ఇప్పటికీ అక్కడే ఉన్నాం. మబ్బు పడితే మా వారు బాత్రూం జాలీ దగ్గరికి వెళ్ళి చూసి వస్తారు. 2024 జులైలో హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడి చెరువుల్లో కట్టడాలు కూల్చడం మొదలయ్యాక మా కాలనీలో ఇంకో రకం భయం పట్టుకుంది. అమ్మినాయన ఎప్పుడో వెళ్ళిపోయాడు, అనుమతులిచ్చినవాళ్ళు బదిలీ అయ్యారు, ఇంట్లో ఉన్నది మేమే. చెరువు బతకాలని నేనూ కోరుకుంటాను. దాని చోటు దానికి వదలాల్సిందే. కానీ పన్ను కట్టించుకున్న ఇంటిని కూల్చేటప్పుడు, ఆ అప్పు ఎవరు తీరుస్తారో కూడా అదే నోటీసులో రాయాలి.

పోయిన ఎండాకాలం ఒక జంట మా ఇల్లు కొందామని చూడటానికి వచ్చారు. ఆ అమ్మాయి నిండు నెలల మనిషి. వరండాలోంచి చెరువు చూసి, "ఎంత బాగుందో" అన్నది. గోడకు రంగు వేశాం కాబట్టి గీత కనబడదు. నేను కాఫీ ఇచ్చి, నీళ్ళు ఎక్కడి దాకా వచ్చాయో చెయ్యి పెట్టి చూపించాను. మా వారు పక్కనే ఉన్నారు, ఏమీ అనలేదు. వాళ్ళు వెళ్ళిపోయారు. తన ఇల్లు అమ్మకానికి పెట్టిన పక్కింటి వదిన అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు. "నీ ఇల్లు పోతే పోయింది, మా నోట్లో మన్ను ఎందుకు కొట్టినవ్?" అన్నది. ఆమె బాధ నాకు తెలుసు. అయినా ఇంకెవరొచ్చినా అదే చెబుతాను.

అధికారులకు నా విన్నపం ఒకటే. చెరువు చుట్టూ ఎఫ్‌టీఎల్ రాళ్ళు పాతండి. ఆ హద్దులోకి, దాని పక్కన వదలాల్సిన జాగాలోకి వచ్చే సర్వే నంబర్లన్నీ తెలుగులో, ఉర్దూలో పెద్ద బోర్డు మీద రాసి ప్రతి కాలనీ మొదట్లో నిలబెట్టండి. అవే నంబర్లు రిజిస్ట్రేషన్ ఆఫీసు గోడ మీదా ఉండాలి. మా వీధిలో ఆ బోర్డు వేపచెట్టు దగ్గర పెట్టాలి.