అందరికీ ఒకే కూజా

గోంగూర ఎరుగని తెలుగు ఇల్లు ఉండదు. పచ్చడిగా, పప్పుగా, మాంసంతో కలిపి వండిన కూరగా అది తరతరాలుగా మన భోజనంలో భాగమై ఉన్నది. దక్కనీ ఉర్దూ మాట్లాడే మన కుటుంబాల్లో దానినే అంబాడా అంటారు. అంబాడా గోష్త్ వండిన రోజున అన్నం నాలుగు ముద్దలు ఎక్కువగానే దిగుతుంది. అయితే మన పరిచయం చాలావరకు ఆకుతోనే ఆగిపోతుంది. ఆకు ముదిరి, మొక్క పూతకు రాగానే ‘ఇక దీని పని అయిపోయింది’ అని పీకి గట్టు మీద పడవేస్తాము. కొన్ని పల్లెల్లో ఎర్రని కాయలతో పచ్చడి నూరుకునే అలవాటు లేకపోలేదు గాని, పట్నవాసపు వంటిళ్లు దానిని దాదాపు మరచిపోయాయి. సరిగ్గా మనం పీకివేసే ఆ వేళకే ఆ మొక్క తన రెండవ కానుకను సిద్ధం చేసుకుంటూ ఉంటుంది.

పగటి పొద్దు తగ్గే కాలంలో, అంటే అక్టోబరు, నవంబరు నెలల్లో, పుల్ల గోంగూర పూస్తుంది. లేత పసుపు రేకులు, నడుమ ముదురు ఎరుపు చుక్క గల అందమైన పువ్వు అది. ఆ పువ్వు ఆయుష్షు ఒక్క రోజే. రేకులు వాడి రాలిన తరువాత వాటి అడుగున ఉన్న రక్షక పత్రాలు కండ పట్టి, ఎర్రబారి, లోపలి గింజల కాయను చుట్టుకుని పెరుగుతాయి. పిల్లల పాఠ్యపుస్తకాల్లో రక్షక పత్రావళి అని చదువుతారే, అదే ఇది. లోకమంతా ‘మందార పానీయం’ అని పిలిచే చల్లని షర్బత్‌కు మూలం ఈ ఎర్రని తొడుగే. పెరటిలో పూసే ఎర్ర మందారం దీనికి దగ్గరి బంధువే అయినా, పానీయానికి పులుపును, చిక్కని రంగును ఇచ్చేది మాత్రం గోంగూర కాయ తొడుగు.

నాకు ఈ సంగతి తెలిసింది జిద్దాలో. మావారి ఉద్యోగరీత్యా అక్కడ కొన్నేళ్లు కాపురమున్నాము. మా పైఅంతస్తులో సూడాన్ దేశానికి చెందిన ఒక కుటుంబం ఉండేది. ఆ ఇంటి ఇల్లాలు రమజాన్ మొదటి రోజు సాయంత్రమే ఒక సీసా నిండా ముదురు ఎరుపు పానీయం తెచ్చి ఇచ్చి, “కర్కదే, యా ఉఖ్తీ” అన్నది. ఒక గుక్క తాగగానే ఆ పులుపు ఎక్కడో ఎరిగినదే అనిపించింది. మరునాడు పైకి వెళ్లి ఆమె డబ్బాలోని ఎండు తొడుగులను చేతిలోకి తీసుకుని చూశాను. గోంగూర! ‘మా దేశంలో దీని ఆకు తింటాము’ అని చెబితే ఆమె నమ్మలేక నవ్వింది. ఒకే మొక్కలో సగం ఆమెకు తెలుసు, మిగిలిన సగం నాకు తెలుసు. మేము స్నేహితులము కావడానికి అంతకు మించిన పరిచయం అవసరం లేకపోయింది.

సూడాన్‌లో కొర్దొఫాన్, దార్ఫూర్ ప్రాంతాల ఇసుక నేలల్లో వాన మీద ఆధారపడి ఈ పంట పండిస్తారు. ఈజిప్టులో అస్వాన్ పట్టణం కర్కదేకు పేరుపొందినది. చలికాలంలో వేడిగా, వేసవిలో మంచుముక్కలతో తాగుతారు. సెనెగల్‌లో ఇదే బిస్సాప్, నైజీరియాలో జోబో, సముద్రాలు దాటి మెక్సికో చేరితే ఆగ్వా ది హమైకా. ఇఫ్తార్ వేళ సూడాన్ వాసులు తాగే మరొక పానీయం ‘హిలూ ముర్’. మొలకెత్తిన జొన్నల పిండితో, సుగంధ ద్రవ్యాలతో పలుచని రేకులుగా కాల్చి, వాటిని నీటిలో నానబెట్టి చేస్తారు. మన జొన్న, మన గోంగూర రెండూ ఆ దస్తర్‌ఖాన్ మీద షర్బతులై కూర్చున్నాయి.

వాటన్నింటి కంటె నా మనసులో నిలిచినది ఆమె చెప్పిన ఒక ఆచారం. వారి ఊళ్లలో రమజాన్ సాయంత్రాల్లో పురుషులు ఇంటింటి నుండి పళ్లాలు, కూజాలు మోసుకొచ్చి వీధిలో చాపలు పరుస్తారట. మగ్రిబ్ వేళకు దారిన పోయే వాహనాలను సైతం ఆపి, ప్రయాణికులను బలవంతంగా దించి కూర్చోబెడతారట. “ఎవరికీ వేరే కూజా ఉండదు. ఉన్నది అందరిదీ” అని ఆమె అన్నది.

2023 రమజాన్ చివరి పది రోజుల్లో, ఏప్రిల్ 15న, ఆ దేశంలో యుద్ధం మొదలైంది. ఆమె తల్లి, తమ్ముళ్లు అప్పుడు ఉమ్ దుర్మాన్‌లో ఉన్నారు. కొన్ని రోజులు ఫోను కలిసేది కాదు. ఆమె ఇఫ్తార్‌కు కూర్చునేది గాని ఖర్జూరం తుంచి చేతిలోనే పెట్టుకునేది. పోర్ట్ సూడాన్ నుండి ఓడలు ఎర్ర సముద్రం దాటి జిద్దా రేవుకు జనాన్ని చేరవేయసాగాయి. మన ప్రభుత్వం ఆపరేషన్ కావేరి పేరిట తీసుకువచ్చిన 3,800 మందికి పైగా భారతీయులలో అత్యధికులు జిద్దా మీదుగానే ఇళ్లకు చేరారు. ఓడ వచ్చిందని వినిపించినప్పుడల్లా ఆమె ఫోను చేతబట్టుకుని కూర్చునేది. చివరకు ఆమె తల్లి ఈజిప్టు సరిహద్దు దాటి అస్వాన్ చేరుకున్నదని తెలిసింది. ఇల్లు మిగలలేదు, మనిషి మిగిలింది. ఏటా తల్లి పంపే కర్కదే సంచి మాత్రం ఆ తరువాత రాలేదు. మేము స్వదేశానికి తిరిగి వచ్చేటప్పుడు, ఆమె తన డబ్బాలో మిగిలినదానిలో సగం నా సంచిలో పెట్టింది. వద్దంటే వినలేదు.

కర్నూలులో మా ఇంటికి వచ్చిన తరువాత ఆ సగం సంచికి అర్థం దొరికింది. మా అత్తమ్మకు పన్నెండేళ్లుగా చక్కెర వ్యాధి, దానికి తోడు రక్తపోటు. ఇఫ్తార్‌కు ఇంటిల్లిపాదికీ గులాబీ షర్బత్ పోస్తే ఆమె ముందు మంచినీళ్ల గ్లాసు ఉండేది. “నాకు నీళ్లు చాలు బేటీ” అనేది. ఆ మాటలో ఫిర్యాదు ఏమీ లేదు. కాని పిల్లలు “దాదీ, నువ్వు ఎందుకు తాగవు?” అని అడిగిన ప్రతిసారీ ఆమె తన జబ్బును వారికి మరొకసారి వివరించవలసి వచ్చేది. రోగి నోటిని కట్టివేయడం వైద్యానికి అవసరం కావచ్చు. కాని ఆమెను దస్తర్‌ఖాన్ మీద వేరు చేసి చూపడం ఏ వైద్యుడూ రాసి ఇచ్చిన మందు కాదు. మనం తయారుచేసే చాలా షర్బతుల్లో చక్కెర ముందే కలిసి ఉంటుంది; దానిని విడదీసే ఉపాయం లేదు. కర్కదేకు ఆ చిక్కు లేదు. అది స్వతహాగా పులుపు. తీపిని తరువాత ఎవరికి వారు కలుపుకోవచ్చు.

ఇప్పుడు తయారుచేసే విధానం చెబుతాను. ఎండు తొడుగులు 30 గ్రాములు, అంటే దాదాపు ఒక కప్పు నిండా తీసుకోండి. దుమ్ము పోయేలా ఒక్కసారి నీటిలో ఆడించి తీయండి. ఎక్కువసేపు కడిగితే రంగు కొట్టుకుపోతుంది. ఒక లీటరు చల్లని తాగునీటిలో వేసి, మూతపెట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. ఉదయానికి నీరు దానిమ్మ రసంలా మారుతుంది. పలుచని మల్లు గుడ్డతో వడకట్టి, తొడుగులను మెల్లగా పిండండి. అంత సమయం లేనప్పుడు లీటరు నీటిని మరిగించి, పొయ్యి ఆపిన తరువాత తొడుగులు వేసి, మూతపెట్టి 10 నుండి 15 నిమిషాలు ఉంచి వడకట్టండి. పొయ్యి మీద ఎక్కువసేపు మరిగిస్తే వగరు దిగుతుంది. చల్లని నీటిలో నానినది మెత్తని రుచితో ఉంటుంది. మా ఇంట్లో అదే పద్ధతి.

పాత్ర విషయంలో జాగ్రత్త అవసరం. ఇది పుల్లని ద్రవం కనుక స్టీలు, గాజు లేదా పింగాణీ పాత్రలే వాడండి. రాగి, ఇత్తడి, అల్యూమినియం పాత్రలు పనికిరావు. మంచుముక్కలు కరిగి రుచి పలుచబడకుండా ఉండాలంటే, పానీయాన్నే కొంత మంచు ట్రేలో పోసి గడ్డకట్టించి వాడుకోవచ్చు. పుదీనా ఆకులు, దంచిన యాలకులు, చిన్న అల్లం ముక్క దీనికి చక్కగా అమరుతాయి. పావుగంట నానబెట్టిన సబ్జా గింజలు వేస్తే పిల్లలు చెంచా కోసం పోట్లాడుకుంటారు. ఫ్రిజ్‌లో మూడు రోజుల వరకు నిలుస్తుంది. వడకట్టగా మిగిలిన తొడుగులను పారవేయకండి. ఎండుమిర్చి, వెల్లుల్లి వేయించి వాటితో కలిపి నూరితే మంచి పచ్చడి అవుతుంది.

చల్లని పానీయంలో చక్కెర సరిగా కరగదు. అందుచేత సమాన కొలతల్లో చక్కెర, నీరు కలిపి కాచి, చల్లార్చిన పాకాన్ని చిన్న సీసాలో పోసి దస్తర్‌ఖాన్ మీద ఉంచుతాను. కూజాలో ఉన్నది అందరికీ ఒక్కటే. పిల్లలు రెండు చెంచాల పాకం కలుపుకుంటారు, మావారు ఒక చెంచాతో సరిపెట్టుకుంటారు, అత్తమ్మ అసలే కలుపుకోకుండా మరికొంత నీరు పోయించుకుంటుంది. “చింతపండు చారుకు ఇది చెల్లెలు” అని మొదటి రోజే తీర్పు చెప్పింది. రాయలసీమ నాలుకకు పులుపు కొత్త కాదు కదా! పిల్లలు ఆమెను కారణం అడగడం మానేశారు. అందరి గ్లాసులూ ఎర్రగానే ఉన్నాయి మరి.

ఈ ఎరుపు ఆంథోసయనిన్లు అనే వర్ణకాల వల్ల వస్తుంది. నిమ్మరసం పిండితే మరింత మెరుస్తుంది. చిటికెడు వంటసోడా వేస్తే ఊదా నీలం వైపు తిరుగుతుంది. సెలవు రోజున పిల్లలకు చూపించదగిన చిన్న ప్రయోగం ఇది. ఆరోగ్యం సంగతికి వస్తే, 2010లో అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 65 మంది మీద జరిపిన అధ్యయనాన్ని ప్రచురించారు. స్వల్పంగా రక్తపోటు ఉన్నవారు ఆరు వారాలపాటు రోజుకు మూడు కప్పుల కర్కదే కషాయం తాగగా, వారి పై అంకె సగటున 7 పాయింట్ల మేర తగ్గింది. ఇది విని మాత్రలు మానివేయడం ప్రమాదకరం. అసలు ఈ గుణం వల్లనే జాగ్రత్త కూడా అవసరమవుతున్నది. రక్తపోటు మాత్రలు, చక్కెర వ్యాధి మాత్రలు వాడేవారు రోజూ తాగదలచుకుంటే వైద్యునితో చెప్పి మొదలుపెట్టాలి. అత్తమ్మ విషయంలో మేము అలాగే చేశాము. రోజుకు ఒక గ్లాసు అని వైద్యురాలు హద్దు పెట్టారు. గర్భిణులు దీనికి దూరంగా ఉండడం మేలు. మలేరియాకు క్లోరోక్విన్ వాడుతున్నవారు ఆ రోజుల్లో తాగరాదు. అది మందు ఒంటికి పట్టడాన్ని తగ్గిస్తుంది. కడుపులో మంట ఉన్నవారు ఖాళీ కడుపుతో దీనిని తీసుకోకూడదు. ఖర్జూరం, మంచినీళ్లతో ఉపవాసం విరమించి, నమాజు తరువాత, భోజనంతోపాటు తాగితే ఇబ్బంది ఉండదు.

ఎండు తొడుగులు ఇప్పుడు నగరాల్లో పొట్లాలుగా దొరుకుతున్నాయి. మందార టీ పేరుతో మందార రేకులను అమ్మేవారు కూడా ఉన్నారు కనుక చూసి కొనండి; మనకు కావలసినవి మందంగా, ముడుచుకుని, నోట్లో వేసుకుంటే పుల్లగా ఉండేవి. స్థలం ఉన్నవారికి కొనే పని కూడా లేదు. ఎర్ర కాడల పుల్ల గోంగూర నాలుగు మొక్కలు వేసి, అందులో రెండింటిని ఆకు కోయకుండా పూతకు విడిచిపెట్టండి. పూలు రాలిన మూడు నాలుగు వారాలకు, తొడుగులు కండ పట్టి ఇంకా మెత్తగా ఉన్నప్పుడే కోయండి. అడుగుభాగాన్ని గుండ్రంగా కోసి లోపలి కాయను బయటికి నెట్టి, తొడుగులను శుభ్రమైన గుడ్డ మీద పలుచగా పరచి, గలగలలాడేవరకు ఎండబెట్టండి. పచ్చివి కిలో ఎండితే సుమారు 100 గ్రాములే మిగులుతాయి. తడి తగలని గాజు సీసాలో నిల్వ చేస్తే రమజాన్‌కూ, ఆ వెనుక వచ్చే వేసవికీ సరిపోతాయి.

నా సీసాలో ఇప్పుడు ఉన్నవి కర్నూలు మట్టిలో పండినవే. సూడాన్ సోదరి ఇచ్చినవి నిరుడే అయిపోయాయి. ఆమెకు పంపడానికి ఈసారి కోసిన వాటిలో సగం విడిగా కట్టి ఉంచాను. ఉమ్రాకు వెళ్లే బంధువులు వచ్చే నెలలో తీసుకువెళతారు.