సగం అల్లిన గూడు

వానలు పడ్డాయి. బావి మీదికి వాలిన తుమ్మ కొమ్మలకు గిజిగాళ్లు గూళ్లు మొదలుపెట్టాయి. అందరూ పూర్తయిన గూటినే ఫొటో తీస్తారు, నాకు మాత్రం సగం అల్లినదే ఇష్టం. పసుపు తల మగపిట్ట వరి ఆకు అంచును ముక్కుతో కొరికి, సర్రున సన్నని పీలిక చీల్చుకొస్తుంది. గూడు టోపీలా సగమయ్యేసరికి అల్లిక ఆపి, రెక్కలు టపటపలాడిస్తూ ఆడపిట్టను పిలుస్తుంది. అది లోపల దూరి, పోచలు లాగి పరీక్షిస్తుంది. నచ్చాకే కింది గొట్టం పూర్తవుతుంది. ఆ వెంటనే మగపిట్ట ఇంకో గూడు మొదలుపెడుతుంది! 1930లో మహారాష్ట్ర తీరంలోని కిహీంలో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ ఓపిగ్గా కనిపెట్టి రాసింది ఈ సంగతే. కెమెరా పట్టుకెళ్లేవాళ్లకు ఒక్క మనవి: దూరం నుంచే తీయండి, కొమ్మలు వంచకండి. లోపల గుడ్లుంటాయి.