తేలడం ముందు, ఈదడం తరువాత

“డాక్టరు గారూ, వారం రోజుల్లో ఈత వస్తుందా?” అని ఈ వేసవిలో చాలామంది అడిగారు. వస్తుంది. నాకు అలాగే వచ్చింది.

శ్రీకాకుళం దగ్గర నాగావళి మడుగులో, నడుముకు ఎండిన ఆనపబుర్రలు కట్టి మా చిన్నాన్న నన్ను దింపేవారు. మొదటి రెండు రోజులూ చేతులు ఆడించనివ్వలేదు. ముఖం నీటిలో ముంచి, ముక్కుతో బుడగలుగా గాలి వదలమనేవారు. అందులోని శాస్త్రం వైద్యవిద్య చదివాకే బోధపడింది. ఊపిరితిత్తుల నిండా గాలి ఉన్నప్పుడు మానవదేహం సాధారణంగా నీటికంటే కాస్త తేలిక. భయపడినవాడు తల పైకెత్తుతాడు. వెంటనే కాళ్లు మునుగుతాయి. కనుక ముందు శ్వాస, పిదప తేలడం, ఆ తరువాతే కాళ్లూ చేతులూ. ఏడో రోజున బుర్రలు విప్పేశారు. పది బారలు ఈదాను.

ఆ పది బారల గర్వంతోనే మరుసటి నెల కళింగపట్నంలో సముద్రంలోకి దిగాను. ప్రవాహం లోపలికి లాగింది. ఒడ్డువైపు ఎంత ఎదురీదినా దూరమే పెరిగింది. ఒక జాలరి జుట్టు పట్టి తెప్పమీదకు లాగాడు. వారంలో వచ్చిన ఈత నిలకడ నీటికే చాలును. సముద్రం లాగినప్పుడు ఎదురీదకండి. తీరానికి సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు మళ్లండి.

ఉద్యోగకాలంలో, చెరువులో మునిగిన ఒక బాలుణ్ణి తలకిందులుగా తిప్పి, కడుపు నొక్కి, నీరు కక్కించే ప్రయత్నంలో విలువైన నిమిషాలు పోగొట్టి తెచ్చారు. అలా చేయవద్దు. శ్వాస లేకపోతే వెంటనే నోటితో ఊపిరి అందిస్తూ, ఛాతీ నొక్కుతూ ఉండండి. పక్కవారిచేత 108కి ఫోను చేయించండి.

ఆ బాలుని తండ్రి గజ ఈతగాడు. వచ్చే వేసవిలో నేర్పుదామనుకున్నానని నాతో అన్నాడు.